సగం గోలీ

"మల్ల లెక్కవెట్టు," అన్నాడు కుమార్.

లెక్కపెట్టడానికి అక్కడేం మిగల్లేదు. రజిత చేతిలోని ప్లాస్టిక్ డబ్బాలో మూడు గోలీల పట్టీలున్నాయి. మూడూ ఖాళీవే. ఆమె తమ్ముడు అజయ్‌ని డాక్టరు మళ్ళీ రమ్మన్నది వచ్చే సోమవారం. ఇవాళ మంగళవారం. ఆరు రాత్రులకు ఆరు గోలీలు ఉండాలి.

"లేవు," అంది రజిత.

"లేవంటే ఏడికి పోయినయ్? రెక్కలొచ్చి ఎగిరిపోయినయా?"

ఎవరి వంకా చూడకుండానే అడిగాడు కుమార్. అయినా ఆ మాట గోడవారగా చాపమీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న అజయ్ దగ్గరికే పోయింది.

"నేను రోజుకొక్కటే మింగిన బావా. అక్క చేతుల పెడ్తది, మింగుతా. గంతే."

"మీ అక్క డ్యూటీకి పోయినంక డబ్బా ఎవరి దగ్గరుంటది?"

"షెల్ఫు మీద ఉంటది. నేను ముట్టలే."

"ముట్టలే. పోయిన ఎండకాలం గూడ గట్లనే అన్నవ్. కంట్రోల్ రూముల కెమెరాలన్నీ నీ పేరు పెట్టి పిలుస్తున్నయని డ్యూటీ ఇడిసిపెట్టి రోడ్డు మీదికొచ్చినవ్. ఆనాడు గూడ నేనేం చెయ్యలే అన్నవ్."

అజయ్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. ఈ ఏడాదిలో అతను నేర్చుకున్నది అదే. రాయదుర్గం టవర్లలో సెక్యూరిటీగా రాత్రింబవళ్ళు తెరల ముందు కూర్చున్న మనిషి. జబ్బుకు స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టిన రోజు నుంచి ఇంట్లో అతని మాటకు విలువ పోయింది. కూరలో ఉప్పు ఎక్కువైందన్నా "గోలి ఏసుకున్నవా?" అనే అడుగుతారు.

"వానితోటి ఏంది ముచ్చట," అంది రాజమ్మ గడపలోనుంచి. "ఇటు జూడు ముందుగాల. పోరి ఇంక కండ్లు తెరుస్తలేదు."

రాజమ్మ కుమార్ తల్లి. ఆమె ఒడిలో ఆరేళ్ళ నీలు పడుకుని ఉంది. నోటి చివరనుంచి జొల్లు కారి గౌను భుజం తడిసింది. నిన్న బడిలో బెంచీ మీదనే నిద్రపోయి కింద పడిందట. టీచరమ్మ ఫోన్ చేస్తే రాజమ్మ పోయి ఎత్తుకొచ్చింది. అప్పటినుంచి లేపితే లేస్తుంది, రెండు ముద్దలు తింటుంది, మళ్ళీ వాలిపోతుంది.

"నీలూ. బిడ్డా. లే నాయన," అంటూ కుమార్ వంగి చెంపలు తట్టాడు. రాత్రంతా ఆఫీసువాళ్ళను ఇళ్ళకు దింపి పొద్దున్నే వచ్చిన మనిషి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

నీలు రెప్పలెత్తింది. "నాయినా, అమ్మమ్మ అన్నం తిన్నదా?" అని అడిగి మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కిటికీ అవతల ఖాజాగూడ గుట్ట రాళ్ళమీద ఎవరో ఉతికిన దుప్పట్లు ఆరేస్తున్న చప్పుడు.

"విన్నవా?" అంది రాజమ్మ మెల్లగా. "నాలుగు వారాల సంది ఇదే మాట. అమ్మమ్మ వచ్చింది, అమ్మమ్మ కూసున్నది. ఎన్నడన్న జూసిందా అది అమ్మమ్మను?"

రజిత చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని కార్డు మీదికి పోయింది. నానక్‌రామ్‌గూడలో తను ఊడ్చి తుడిచే ఆఫీసువాళ్ళు ఇచ్చిన కార్డు అది. నీలం తాడు, ప్లాస్టిక్ తొడుగు, తొడుగులో తన ఫోటో. డ్యూటీకి పోయినా పోకపోయినా ఈ మధ్య అది మెడలోనుంచి తీయడం లేదు.

ఆ ఫోటో వెనక, వెండి రేకులో చుట్టి, సగం గోలీ ఉంది.

*

నీలుకు ఆ పేరు పెట్టించింది రాజమ్మే.

పుట్టిన మూడోవారం పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. తొమ్మిది రోజులు ఏడ్చింది. రాజమ్మ ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి, రెండు బియ్యపు గింజలు వదిలి, రెండిళ్ళ పెద్దల పేర్లు ఒక్కొక్కటే చదివింది. పోయినవాళ్ళలో ఎవరు తిరిగొచ్చారో వాళ్ళ పేరు దగ్గర గింజలు రెండూ ఒకదాన్నొకటి అంటుకుంటాయని వాళ్ళ వైపు ఆచారం. కుమార్ తాత పేరు చెప్పింది, కదల్లేదు. మేనత్త పేరు చెప్పింది, కదల్లేదు. చివరికి "నీలమ్మ" అన్నప్పుడు గింజలు జతపడ్డాయి. ఆ ఘడియకే పిల్ల ఏడుపు ఆపింది.

"మీ అమ్మనే మల్ల వచ్చింది పో," అని రాజమ్మ మురిసిపోయింది. వియ్యపురాలు భక్తురాలనీ, రోజూ దీపం పెట్టేదనీ, కామెర్లు వచ్చి పోయిందనీ ఆమె విన్నది. చెప్పింది రజితే.

కామెర్లు కాదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరే. ఇద్దరూ ఆమె కడుపున పుట్టినవాళ్ళే.

రజితను ఏడో తరగతిలో బడి మాన్పించింది చదువు రాక కాదు. నాన్న చేనికి పోతే అమ్మను కాపు కాయడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. అమ్మ గోడతో మాట్లాడేది. ఎవరూ లేని పీట ముందు పళ్ళెం పెట్టి అన్నం వడ్డించేది. ఒకనాటి మధ్యాహ్నం గడపకు అడ్డంగా పడుకున్న పన్నెండేళ్ళ రజితకు చిన్న కునుకు పట్టింది. అమ్మ ఆమెను దాటుకుని పోయింది. ఊరంతా "నీలమ్మా... ఓ నీలమ్మా" అని పిలుస్తూ చేల వెంట తిరిగారు. పొద్దుగూకే వేళకు రాళ్ళు కొట్టిన గుంటలో దొరికింది.

అప్పటినుంచి రజితకు నిద్రంటే భయం. ఇంట్లో ఇంకెవరు నిద్రపోయినా భయమే.

అజయ్‌కి జబ్బు వచ్చాక, పోయిన నెల, డాక్టరు దగ్గర మాత్రం నిజం చెప్పింది. కుమార్ లేడు కాబట్టి చెప్పింది. డాక్టరు మధుసూదన్ కాగితం మీద గుండ్రాలూ చతురస్రాలూ గీశాడు. ఆడవాళ్ళకు గుండ్రం, మగవాళ్ళకు చతురస్రం. నీలమ్మ గుండ్రాన్ని నల్లగా నింపాడు. కింద అజయ్‌ని నల్లగా నింపాడు. అజయ్ పక్కన రజిత, ఖాళీ గుండ్రం. దానికింద ఒక చిన్న గుండ్రం.

నల్లటి దానినుంచి చిన్నదానిదాకా గీత దిగింది. మధ్యలో అది రజిత గుండా పోయింది.

"ఒక్క జన్యువుతో వచ్చేది కాదమ్మా ఇది," అన్నాడాయన. "వందల జన్యువులు. ఒక్కొక్కటీ ఆవగింజంత బరువు. కొందరిలో ఆ బరువు ఎక్కువ పడుతుంది. దానికి ఇంకేవేవో తోడవ్వాలి, అప్పుడు గాని రాదు. అమ్మమ్మకూ మేనమామకూ ఉన్నా, వందమంది పిల్లల్లో తొంభైమందికి పైనే రాదు. భయపడకండి."

రజిత ఆ తొంభైమందినీ అక్కడే వదిలేసి, మిగిలిన కొద్దిమందినే ఇంటికి తెచ్చుకుంది.

ఆ వారమే నీలు తెర వెనక కూర్చుని ఎవరితోనో మాట్లాడుతుంటే విన్నది. "అమ్మమ్మా, ఇది నీకు, ఇది నాకు" అంటూ బిస్కెట్టు పంచుతోంది. ఆఫీసులో మౌనిక మేడం కడప అమ్మాయి, మంచిది. నెత్తురులో వచ్చే జబ్బుల గురించి అడిగితే, "ఇట్లాంటివి ముందుగానే జాగ్రత్త పడితే మేలు రజితా" అనింది. అంతకుమించి ఏం అనలేదు.

ముందుగానే అంటే రజితకు తెలిసింది పోలియో చుక్కలే. ఆదివారం పూట అంగన్‌వాడీ ముందు నిలబడితే రెండు చుక్కలు వేసి, చిటికెన వేలుకు సిరా పెట్టి పంపేవారు. జబ్బు రాకముందే మందు. చిన్న పిల్ల కాబట్టి చిన్న మోతాదు.

అందుకే సగం చేసింది. ఆ సగం కూడా నూరి, సాయంత్రం పాలల్లో, చక్కెర ఎక్కువేసి.

*

"దవాఖానకే పోదాం," అన్నాడు కుమార్. "ఇద్దరిని తీస్కపోతా. సోమారం దాక ఆగేది లేదు."

"దవాఖానల ఏం జెప్తరు? నిద్ర వస్తుందని జెప్తరు. అది మనకు కనవడ్తలేదా?" అంది రాజమ్మ. "శంకర్‌పల్లి దిక్కు గాలి దయ్యాలు ఇడిపించే పెద్దాయన ఉన్నడని ఎన్నిసార్లు జెప్పాలె? పేరు తప్పు వడ్డది. ఆమె వచ్చిందని మనమే పిలిచి కూసోవెట్టుకున్నం. పేరు మారుస్తే పోతది."

"అమ్మా, జర ఊకుంటవా."

"ఊకుంట. దవాఖానల ఏం తేలకుంటె, సక్కగ నేను జెప్పినకాడికి రావాలె. మాటియ్యి."

కుమార్ కూతురి మొహంలోకి చూసి తల ఊపాడు.

రజిత గొంతులోకి మాట వచ్చింది. మందు నేనే వేసిన. మూడే మాటలు. కాని ఆ మూడు మాటలు చెప్తే ఎందుకు వేశావంటాడు. ఎందుకంటే మా అమ్మ. మా అమ్మకేమైంది? అక్కడినుంచి గీత మళ్ళీ కిందికి దిగుతుంది, నీలు దాకా. ఈ గడపలో కూర్చున్న ముసలమ్మ రేపటినుంచి ఆ పిల్లను మనవరాలిలా చూస్తుందా, నల్లటి గుండ్రంలా చూస్తుందా?

ఆమె మాటను మింగి పిల్లకు జడ వేసింది. నీలు తల దువ్వెన కింద అటూ ఇటూ వాలింది.

చెప్పులేసుకుంటూ అజయ్ ఆమె పక్కన ఆగాడు. "అక్కా, అమ్మమ్మ ముచ్చట్లు నేనే జెప్పిన పిల్లకు."

"ఏంది?"

"అమ్మమ్మ ఏడున్నదని అడిగింది. పక్కకే ఉంటది, కనవడదు, భయపడకు, నీకేం పెట్టినా ఆమెకు గింత పెట్టు అన్న. ఆడుకుంటది గద అని." అతను తల వంచుకున్నాడు. "మన అమ్మ గూడ మంచిదే ఉండె గద అక్కా, తక్లీఫు లేనప్పుడు."

రజిత చేతిలో చెప్పు అలాగే ఉండిపోయింది. పిల్లకు ఏ గొంతులూ వినపడలేదు. మేనమామ నేర్పిన ఆట ఆడుకుంది. ఆ ఆటకు తను మందు వేసింది.

"కారు స్టార్ట్ జేసిన, రాండ్రి," అని బయటినుంచి కుమార్ కేకేశాడు.

*

డాక్టరు మధుసూదన్ నీలు కంటిరెప్పలు ఎత్తి చూశాడు, చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. "పాపా, పేరేంటి?" అంటే "నీలు" అంది. "ఏం తిన్నావు పొద్దున?" అంటే జవాబు సగంలో ఆగి తల కుమార్ ఛాతీమీదికి వాలింది. ఆయన మొహంలో నవ్వు తగ్గింది.

"పాపకు ఏమైనా మందు వేశారా?"

"ఏం లేదు సార్. జరమొస్తె ఏసే సిరప్ తప్ప," అన్నాడు కుమార్. ఒక్క క్షణం ఆగి, "మీరిచ్చినయి ఆరు గోలీలు తక్కువున్నయి సార్. ఇంట్ల," అన్నాడు.

డాక్టరు చూపు అజయ్ మీదికి పోయింది. కుమార్ చూపు అంతకుముందే పోయి ఉంది.

అజయ్ మాత్రం అక్కను చూశాడు. మొహాన్ని కాదు, మెడలోని కార్డును.

"నేనే ఇచ్చిన సార్," అన్నాడు.

కుమార్ లేవబోయాడు. ఒడిలో పిల్ల ఉంది కాబట్టి లేవలేకపోయాడు. "నా బిడ్డకా? నా ఇంట్ల తినుకుంట, నా బిడ్డకా?" అన్నాడు. గొంతు పెద్దది కాలేదు. ఆ మాట పెద్దగా అని ఉంటే రజితకు బాగుండేది.

"కుమార్‌గారూ, కూర్చోండి. అజయ్, ఎందుకిచ్చావు?"

"ఇయ్యాలనిపించింది సార్."

"ఎన్ని రోజులు?"

అజయ్‌కి అది తెలియదు. "రెండు దినాలు, రోజుకు సగం. కడమయి పారేసిన," అన్నాడు.

డాక్టరు ఊపిరి వదిలాడు. "రెండు రోజులే అయితే దానంతటదే దిగిపోతుంది. ఇంటికి తీసుకెళ్ళి నీళ్ళు బాగా తాగించండి, కనిపెట్టుకుని ఉండండి. అంతకంటే ఎక్కువ రోజులైతే మాత్రం పంపను. ఇంత చిన్న ఒంట్లో గుండెమీద కూడా పని చెయ్యొచ్చు. ఈసీజీ తీసి, రక్తం చూసి, రెండు రోజులు ఇక్కడే పెట్టుకోవాలి. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. రెండు రోజులేనా?"

"రెండే," అన్నాడు అజయ్.

కుమార్ పిల్లను భుజానికెత్తుకుని లేచాడు. ఇంటికే. ఇంట్లో శంకర్‌పల్లికి తయారై కూర్చున్న రాజమ్మ దగ్గరికి. నీలు చెయ్యి తండ్రి వీపుమీద వేలాడుతోంది. సిరా చుక్క ఎప్పుడో పోయిన చిటికెన వేలు.

"పదకొండు," అంది రజిత.

ఎవరికీ అర్థం కాలేదు.

"పదకొండు దినాలు సార్. రోజుకు సగం. సాయంత్రం పాలల్ల."

"నీకెట్ల తెలుసు?" అన్నాడు కుమార్.

ఆమె మెడలోని కార్డు తీసి, తొడుగులోంచి ఫోటో జరిపి, వెండి రేకు పొట్లాన్ని బల్లమీద పెట్టింది. డాక్టరు విప్పాడు. తెల్లటి సగం ముక్క, విరిచిన చోట పొడి రాలుతూ.

"ఇది ఇయ్యాలటిది," అంది.

డాక్టరు వెంటనే ఫోన్ తీసి ఎవరికో ఈసీజీ అని చెప్పాడు. పాప పూర్తి పేరు అడిగి, అజయ్ పేరున్న ఫైలు తెరిచి అందులోని తెల్ల చీటీమీద గబగబా రాశాడు. ఫైలులో పైన ఉన్నది ఆ గీతల కాగితమే. కుమార్ దాన్ని చూశాడు. చదువు అక్కరలేని బొమ్మ అది.

"ఈ నల్లది అజయ్‌ది. మరి ఈ పైన నల్లది ఎవరిది?"

"మా అమ్మది."

"కామెర్లతోటి పోయింది అన్నవ్."

కుమార్ వేలు నల్లటి గుండ్రంనుంచి గీత వెంట దిగి, రజిత గుండ్రం దగ్గర ఆగకుండా, చిన్నదాని మీద నిలబడింది.

"ఆ చిన్నదాన్ని నేను ఖాళీగానే వదిలాను, చూడండి," అన్నాడు డాక్టరు. "అది ఖాళీగానే ఉంటుందనే ఎక్కువ నమ్మకం. ముందు ఈ చీటీ పట్టుకుని కింది అంతస్తుకు వెళ్ళండి. ఇప్పుడే. మీరుండమ్మా, మోతాదు వివరాలు రాసుకోవాలి."

"అమ్మ జెప్పిందే నిజం, పేరే తప్పు వడ్డది," అని గొణుగుతూ కుమార్ చీటీ తీసుకున్నాడు. పిల్లను రజితవైపునుంచి అవతలి భుజానికి మార్చుకున్నాడు. తలుపు దానంతటదే మెల్లగా మూసుకుంది.

ఏ పూట వేశావు, ఎంత పాలల్లో, పిల్ల బరువెంత అని డాక్టరు అడుగుతుంటే రజిత చెప్పుకుంటూ పోయింది. రాసుకుని ఆయన పక్క గదిలోకి వెళ్ళాక, అజయ్ నోరు విప్పాడు.

"ఎందుకు జెప్పినవక్కా?"

"నీకెప్పుడు తెలిసింది?"

"కార్డు ఎనక పొట్లం జూసి వారం దాటింది. నేను జెప్తె ఎవరు నమ్ముతరని జెప్పలే." అతను బల్లమీది తెల్లటి పొడిని వేలితో ఒక దగ్గరికి చేర్చాడు. "ఇన్ని దినాలకు ఇయ్యాల నా మాట నమ్మిండ్రు. అది అబద్ధమాయె."

రజిత అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక వదలడం తెలియలేదు. ఎంతసేపు అలా కూర్చున్నారో.

తలుపు తీసుకుని నర్సు తల లోపలికి పెట్టింది. "మేడం, పాపను తీసుకురమ్మన్నరు గద సార్. ఏరీ?"

"కిందికి పోయిండ్రు. ఎప్పుడో పోయిండ్రు."

"ఎవరు రాలేదు. చీటీ కౌంటర్ మీద పెట్టి పోయిండ్రంట. మూడుసార్లు పిలిచినం."

రజిత లేచి వరండాలోకి పరుగెత్తింది. కిటికీలోనుంచి కింద కారు పెట్టిన చోటు కనిపిస్తోంది. అక్కడ ఎవరిదో స్కూటర్ ఉంది. ఆమె ఫోన్ చేసింది. మోగి, మోగి, ఆగింది. మళ్ళీ చేసింది. ఈసారి మోగనే లేదు.

కింది అంతస్తులో చీటీ చూసి పిలుస్తున్న ఆయమ్మ గొంతు మెట్లమీదుగా పైకొచ్చింది. చీటీలో పూర్తి పేరు రాసి ఉంది కాబట్టి పూర్తి పేరే పిలుస్తోంది.

"నీలమ్మా... ఎవరమ్మా నీలమ్మ? నీలమ్మా..."

ఎవరూ పలకడం లేదు.